కువైట్ మీదుగా జర్మనీ: వైన్ సీసా ఏ దారిన వెళ్ళాలి?

ప్రశ్న: అయ్యా, నేను అనంతపురంలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి జర్మనీలోని మైంజ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ వేసవిలో నేనూ మా ఆవిడా వాడి దగ్గరికి వెళ్ళాలనుకుంటున్నాం. కడపలో స్థిరపడి, అక్కడి నుంచి కువైట్ వెళ్ళిన మా తమ్ముడు దారిలో మూడు రోజులు తన దగ్గర ఉండి వెళ్ళమని పట్టుబడుతున్నాడు. మైంజ్‌లో మా అబ్బాయి అద్దెకున్న ఇంటి యజమాని పెద్దవారు, సొంత ద్రాక్షతోట ఉంది. వాడు జబ్బు పడినప్పుడు తన మనిషిలా చూసుకున్నారు. ఏటా తన తోట వైన్ ఇస్తుంటారట. ఆయనకు నంది కొండల దగ్గర తయారయ్యే మన వైన్ రెండు సీసాలు ఇవ్వాలని నా కోరిక. తిరిగి వచ్చేటప్పుడు బెంగళూరులో ఉన్న అల్లుడికి, కర్నూలులో ఉన్న బావమరిదికి జర్మనీ వైన్ ఆరు సీసాలు తేవాలని ఉంది. మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు కాబట్టి ఈ నియమాలేవీ తెలియవు. ఒకరేమో ‘లేబుల్ తీసేసి ద్రాక్షరసం సీసాలో పోసుకోండి’ అన్నారు. పక్కింటాయన ‘వచ్చేటప్పుడు రెడ్ ఛానెల్ జోలికి పోవద్దు, గంటలు కూర్చోబెడతారు’ అన్నాడు. మా ఆవిడ పూజ సామాను ఉన్న పెట్టెలో సీసా పెట్టనివ్వనంటోంది. టికెట్లు వచ్చే వారం తీసుకోవాలి. ఏం చేయమంటారు?

— ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: మాస్టారు గారూ, టికెట్లు తీసుకోకముందే ఉత్తరం రాయడం చాలా మంచిదైంది. మీరు ఎక్కువగా ఆలోచించింది జర్మనీ గురించి, బెంగళూరు గురించి. ఆ రెండు చోట్లా మీకు పెద్ద ఇబ్బంది ఏమీ లేదు. ఇబ్బంది అంతా మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన కువైట్‌లో ఉంది.

కువైట్‌లో మద్యం పూర్తిగా నిషిద్ధం. దిగుమతిని 1964లోనే చట్టం చేసి ఆపేశారు. అది నేటికీ అమల్లో ఉంది. అక్కడ ‘ఇన్ని లీటర్ల వరకు ఉచితం’ అనే లెక్కే లేదు. ఒక్క సీసా అయినా తప్పే, సీలు తీయకపోయినా తప్పే. ‘ఇది ఇక్కడ తాగడానికి కాదు, మూడు రోజుల తర్వాత జర్మనీకి తీసుకెళ్ళడానికి’ అన్నా తప్పు తప్పే. విమానం దిగి దేశంలోకి అడుగుపెట్టే ప్రయాణికుల సామానును అక్కడ ఎక్స్‌రే యంత్రంలో పంపి చూస్తారు. దుస్తుల మధ్య చుట్టిన గాజు సీసా ఆ తెరమీద స్పష్టంగా కనబడుతుంది. సీసా పోతే పోయిందని ఊరుకునే వ్యవహారం కాదు. కేసు కావచ్చు, విదేశీయులైతే దేశం నుంచి పంపించివేయవచ్చు.

ఇక్కడ నాకు మీ కంటే మీ తమ్ముడి గురించి ఎక్కువ దిగులు. మీరు మూడు రోజులు ఉండి వెళ్ళిపోయేవారు. ఆయన అక్కడ అకామా, అంటే నివాస అనుమతి, మీద బతుకుతున్న మనిషి. తన ఇంటి చిరునామా చూపించి వచ్చిన అన్నగారి పెట్టెలో వైన్ దొరికితే, ఆ ప్రశ్నలు ఆయన దాకా వెళ్ళవని ఎవరూ హామీ ఇవ్వలేరు. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల్లో కువైట్ డబ్బుతో కట్టిన ఇళ్ళు, పెళ్ళి చేసిన ఆడపిల్లలు, చదివించిన పిల్లలు ఎందరో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ సంపాదన మొత్తం ఆ ఒక్క అనుమతి మీద ఆధారపడి ఉంటుంది. ఎంత మంచి మనసుతో కొన్న బహుమతి అయినా దానికి ఆ అనుమతిని పణంగా పెట్టకూడదు.

అందుకే లేబుల్ తీసేసి ద్రాక్షరసం సీసాలో పోసుకోమన్న సలహాను దయచేసి మనసులోంచి తీసేయండి. అది అజ్ఞానంతో చెప్పిన మాట అయినా ప్రమాదకరమైన మాట. సీలు ఉన్న సీసా దొరికితే ‘నియమం తెలియదు’ అని కనీసం చెప్పుకోవచ్చు. రసం సీసాలో పోసిన వైన్ దొరికితే తెలిసే దాచారని ఆ సీసాయే సాక్ష్యం చెబుతుంది. కువైట్ సంగతి అలా ఉంచినా, మద్యం నిషేధం లేని జర్మనీలో కూడా ఈ పని చేయకూడదు. ఏ దేశపు కస్టమ్స్ అయినా లేబుల్ చూసి, అందులో ఉన్న ఆల్కహాల్ శాతం, సీసా పరిమాణం చదివి లెక్క కడుతుంది. లేబుల్ లేని ద్రవం ఎక్కడైనా అనుమానాస్పదమే.

మరి మీ కోరిక నెరవేరాలంటే దారి ఏమిటి? ప్రయాణం క్రమం తిప్పండి. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం నుంచి మైంజ్ దగ్గరే, రైలులో అరగంట ప్రయాణం. ముందు జర్మనీ వెళ్ళండి, ఇంటి యజమాని గారికి మీ చేతులతో వైన్ ఇవ్వండి, తిరుగు ప్రయాణంలో తమ్ముడి ఇంట్లో ఉండి రండి. కువైట్‌లో దిగేటప్పుడు మీ పెట్టెల్లో ఒక్క చుక్క మద్యం ఉండకూడదు, అంతే. జర్మనీలో దుకాణాల్లో లోపల మద్యం నింపిన చాక్లెట్లు అమ్ముతారు. తమ్ముడి పిల్లలకని డబ్బా కొనేటప్పుడు పైన రాసింది అబ్బాయిచేత చదివించుకోండి, ఆ రకం కువైట్‌కు వద్దు.

‘కువైట్‌లో దిగకుండా విమానం మాత్రం మారితే?’ అని మీకు అనిపించవచ్చు. సామాను నేరుగా గమ్యానికి వేసేస్తే మీరు ఆ దేశంలోకి ప్రవేశించినట్టు కాదు కాబట్టి పరిస్థితి వేరు. అయినా నేను దానికి ఒప్పుకోను. రెండో విమానం తప్పిపోయి, రాత్రి హోటల్‌కు పంపి, పెట్టెలు చేతికిచ్చారనుకోండి, అప్పుడు ఆ సీసాతో ఎక్కడికి వెళతారు? ఈ వయసులో మీ ఇద్దరికీ ఆ అగ్నిపరీక్ష ఎందుకు?

ఇప్పుడు జర్మనీ. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటికీ ఈ విషయంలో ఒకే నియమం. బయటి దేశం నుంచి వచ్చే, 17 ఏళ్ళు నిండిన ఒక్కొక్క ప్రయాణికుడు 4 లీటర్ల మామూలు వైన్ సుంకం లేకుండా తీసుకెళ్ళవచ్చు. మామూలు వైన్ అంటే నురగ రానిది, పైనుంచి సారాయి కలిపి ఘాటు పెంచనిది. మీ సీసా ఒక్కోటి 750 మిల్లీలీటర్లు, రెండు కలిపితే లీటరున్నర. పరిమితిలో సగం కూడా కాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో, సుంకం కట్టాల్సింది ఏమీ లేనివారు వెళ్ళే గ్రీన్ ఛానెల్ గుండా ధైర్యంగా నడిచి వెళ్ళవచ్చు, ఎవరైనా ఆపి అడిగితే రెండు సీసాల వైన్ ఉందని చెప్పండి. రసీదు దగ్గర ఉంచుకోండి. నురగ వచ్చే రకం వైన్ కొంటే మాత్రం దాని లెక్క వేరు, ఆ కోవలో 2 లీటర్లే. విస్కీ, బ్రాందీ లాంటి ఘాటైనవైతే 1 లీటరు.

జర్మనీ కస్టమ్స్‌లో మీకు వైన్ కంటే నెయ్యి వల్ల ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ. మన తల్లులు పిల్లల దగ్గరికి వెళుతూ ఏం సర్దుతారో నాకు తెలుసు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు ప్రయాణికులు తీసుకురాకూడదు. పశువుల జబ్బులు తమ దేశాలకు పాకకుండా పెట్టుకున్న నియమం అది. ఇంట్లో కాచిన నెయ్యి, గువ్వలచెరువు పాలకోవా, కోడిమాంసం పచ్చడి, మటన్ పచ్చడి అన్నీ ఆ నిషేధంలోకి వస్తాయి. అబ్బాయికి పాలకోవా ఎంత ఇష్టమైనా ఈసారికి వద్దని మీ శ్రీమతి గారికి ముందే చెప్పండి. విమానాశ్రయంలో అధికారి డబ్బా తీసి చెత్తబుట్టలో వేస్తుంటే నిలబడి చూడటం ఏ తల్లికీ తేలిక కాదు. కారప్పొడి, వేరుశనగపప్పు చట్నీపొడి, గోంగూర పచ్చడి లాంటి వాటితో పెట్టె నింపుకోవచ్చు. ఇంకొక్క మాట, కువైట్ వైపు మసాలాపొడి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే అందులో గసగసాలు లేకుండా చూసుకోండి. గల్ఫ్‌లో కొన్ని దేశాలు వాటిని మత్తుపదార్థాల జాబితాలో పెట్టి చూస్తాయి.

వైన్ ఎక్కడ కొనాలన్నది కూడా ఆలోచించాల్సిన సంగతే. నంది కొండలు, దొడ్డబళ్ళాపురం చుట్టుపక్కల వైన్ తయారీ కేంద్రాలు ఉన్నాయి. ముందుగానే ఒకరోజు వెళ్ళి కొని తెచ్చి అనంతపురంలో ఇంట్లో పెట్టుకుందామని అనుకుంటున్నారేమో, అలా చేయకండి. కర్ణాటక మద్యం కొడికొండ చెక్‌పోస్టు దాటి మన రాష్ట్రంలోకి వస్తే అది ఎక్సైజ్ వ్యవహారం అవుతుంది, దాని గురించి కింద రాస్తాను. మీరు ఎలాగూ 44వ నంబరు జాతీయ రహదారి మీద చిక్కబళ్ళాపురం దాటి దేవనహళ్ళి విమానాశ్రయానికి వెళ్ళాలి. ఆ కొండలు సరిగ్గా ఆ దారి పక్కనే ఉన్నాయి. ప్రయాణం రోజు రెండు గంటలు ముందుగా బయలుదేరి కర్ణాటక వైపునే కొనండి. కొన్న సీసా మన రాష్ట్రంలోకి రాకుండానే విమానం ఎక్కుతుంది. అల్లుడు బెంగళూరులోనే ఉన్నాడు కదా, ఆయనచేత కొనిపించి విమానాశ్రయానికి తెప్పించుకుంటే ఇంకా మంచిది. విమానాశ్రయం లోపల ఇమిగ్రేషన్ దాటిన తర్వాత ఉండే డ్యూటీ ఫ్రీ దుకాణం మూడో మార్గం. కానీ అక్కడ మీరు కోరుకున్న నంది కొండల వైన్ దొరుకుతుందన్న నమ్మకంతో వెళ్ళకండి.

సర్దడం గురించి. బయట కొన్న సీసాను చేతిసంచిలో పెట్టుకుంటే భద్రతా తనిఖీలో తీసేస్తారు, అక్కడ 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవం ఏదీ అనుమతించరు. కాబట్టి చెక్-ఇన్ పెట్టెలోనే వేయాలి. వైన్‌లో ఆల్కహాల్ సాధారణంగా 12 నుంచి 14 శాతం. 24 శాతం దాటని పానీయాలకు విమాన భద్రతా నియమాల్లో పరిమాణం మీద కట్టడి లేదు. 24 నుంచి 70 శాతం వరకు ఉన్నవి అయిదు లీటర్లు మించకూడదు, 70 దాటినవి అసలు ఎక్కించకూడదు. మీకు మిగిలేది బరువు సమస్య ఒక్కటే. నిండు సీసా ఒక్కోటి కిలోంబావు దాకా తూగుతుంది. సీసాను ముందు మందపాటి ప్లాస్టిక్ కవరులో పెట్టి గట్టిగా మూతి కట్టండి, తర్వాత తువ్వాలు చుట్టండి, పెట్టె గోడలకు తగలకుండా మధ్యలో దుస్తుల మధ్య పడుకోబెట్టండి. రెండు సీసాల మధ్య గాజు గాజుకు తగలకూడదు. పగిలితే ఎర్ర వైన్ మరక పట్టుపంచె మీద నుంచి పోదు. డ్యూటీ ఫ్రీలో కొంటే దుకాణం వారు సీలు వేసిన పారదర్శక సంచిలో పెట్టి, రసీదు లోపల కనబడేలా ఉంచి ఇస్తారు. గమ్యం చేరేదాకా ఆ సంచి విప్పకూడదు.

ఇక తిరుగు ప్రయాణం, ఆరు సీసాల లెక్క. భారతదేశంలోకి వచ్చే ప్రయాణికుడికి ఉచితంగా తెచ్చుకునే అనుమతి 2 లీటర్లు. వైన్, విస్కీ, బీరు ఏది తెచ్చినా అన్నీ కలిపి 2 లీటర్లే. 750 మిల్లీలీటర్ల సీసాలైతే రెండు పడతాయి, మూడోది వేస్తే రెండుంబావు అయి పరిమితి దాటుతుంది. మీ ఇద్దరికీ కలిపి నాలుగు సీసాలన్న మాట. ‘ఇద్దరికీ కలిపి నాలుగు లీటర్లు కదా, అయిదు సీసాలు తెస్తే మూడు లీటర్ల ముప్పావే కదా’ అని మీలాంటి లెక్కల మాస్టారు అడగవచ్చు. కుదరదు. ఒకరి మినహాయింపును మరొకరి దానితో కలపడానికి బ్యాగేజీ నియమాలు ఒప్పుకోవు. ఎవరి రెండు లీటర్లు వారివే. పైగా చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. బెంగళూరులో దిగాక సామాను తీసుకునే చోట ఉండే డ్యూటీ ఫ్రీ దుకాణంలో కొన్నదీ ఆ రెండు లీటర్లలోకే వస్తుంది, అదనం కాదు.

పరిమితి దాటితే ఏమవుతుంది? తీసుకురావడం నేరం కాదు, చెప్పకపోవడం నేరం. 1962 నాటి కస్టమ్స్ చట్టం ప్రకారం సామానులో ఉన్నది చెప్పాల్సిన బాధ్యత ప్రయాణికుడిదే. పరిమితి దాటిన సీసా ఉన్నప్పుడు గ్రీన్ ఛానెల్‌లో నడిచారంటే ‘చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు’ అని మీరు లిఖితపూర్వకంగా చెప్పినట్టే లెక్క. పట్టుబడితే సీసా జప్తు కావచ్చు, పైన జరిమానా పడవచ్చు. రెడ్ ఛానెల్ అంటే దొంగలు నిలబడే వరుస అన్న భావన మనలో పాతుకుపోయింది. అది సుంకం కట్టే కౌంటరు మాత్రమే. మున్సిపాలిటీకి వెళ్ళి ఇంటిపన్ను కట్టి రావడానికి మీరు ఏనాడూ సిగ్గుపడి ఉండరు, ఇదీ అలాంటిదే. సామాను వివరాలు ముందుగానే నింపుకోవడానికి కస్టమ్స్ శాఖ 2019లో ‘అతిథి’ అనే మొబైల్ యాప్ కూడా తెచ్చింది. అల్లుడు నింపి పెడితే మీకు కౌంటరు దగ్గర పని తగ్గుతుంది.

అయితే సుంకం కట్టి ఎక్కువ సీసాలు తీసుకురావడం లాభమా అంటే, కాదని నా అభిప్రాయం. మన దేశం విదేశీ మద్యం మీద వేసే పన్ను చాలా బరువైనది. 2021 బడ్జెట్‌లో వైన్ మీద కస్టమ్స్ సుంకాన్ని 50 శాతానికి తగ్గించి, దానిమీద 100 శాతం వ్యవసాయ సెస్సు వేశారు. వ్యాపారి దిగుమతి చేసుకున్నా రెండూ కలిపి 150 శాతం. ఆ లెక్కన వెయ్యి రూపాయల సీసాకు పదిహేను వందలు పన్ను. ఆ డబ్బుతో అల్లుడికి చక్కటి చొక్కా కొనవచ్చు.

క్రమం తిప్పి కువైట్ మీదుగా వస్తే జర్మనీ వైన్ మీతో రాదు. దానికి రెండు మార్గాలున్నాయి. బెంగళూరులో దిగాక విమానాశ్రయంలోని డ్యూటీ ఫ్రీ దుకాణంలో మీ రెండు లీటర్లకు లోబడి వైన్ కొని అల్లుడికి ఇవ్వడం ఒకటి. నాకు ఎక్కువ నచ్చేది రెండోది. మీ అబ్బాయి ఈసారి సెలవుకు ఇంటికి వచ్చేటప్పుడు నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వస్తూ తన వంతు తెస్తాడు. విదేశంలో ఉంటున్నవాడికీ ఆ రెండు లీటర్ల అనుమతి ఉంది. మైంజ్ చుట్టూ ఉన్న రైన్‌హెస్సెన్ ప్రాంతం జర్మనీ దేశంలోనే అతిపెద్ద వైన్ ప్రాంతం. అక్కడ రోజువారీ వాడకానికి లీటరు సీసాల్లో కూడా వైన్ అమ్ముతారు. అలాంటివి రెండు తెస్తే సరిగ్గా రెండు లీటర్లు, ఒక్క చుక్క పన్ను లేదు. ఇంటి యజమాని గారి తోటలోది తెస్తే అల్లుడికి దాని వెనక ఉన్న కథ కూడా చెప్పవచ్చు.

ఇప్పుడు కర్నూలు బావమరిది గారి సీసా. కస్టమ్స్ దాటింది కాబట్టి దేశమంతా తిరగవచ్చని చాలామంది అనుకుంటారు. మద్యం మన రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల పరిధిలోని విషయం. బెంగళూరులో కేంద్రం వారు వదిలిపెట్టిన సీసాను కొడికొండ దగ్గర రాష్ట్రం వారు ఆపవచ్చు, హైదరాబాదులో దిగి కారులో వచ్చే కర్నూలు వారిని పంచలింగాల చెక్‌పోస్టు దగ్గర ఆపవచ్చు. ఒకప్పుడు బయటి రాష్ట్రాల నుంచి మూడు సీసాల వరకు తెచ్చుకోవచ్చన్న వెసులుబాటు ఆంధ్రప్రదేశ్‌లో ఉండేది. 2020 అక్టోబరులో దాన్ని తీసేసి, పర్మిట్ ఉండాలన్నారు. 2024 అక్టోబరులో దుకాణాలు మళ్ళీ ప్రైవేటువారి చేతికి వెళ్ళాయి. ఇలా విధానం తరచూ మారే చోట పాత మాటలు నమ్ముకుని సీసా కారులో వేసుకోకూడదు. పర్మిట్ లేని మద్యం దొరికితే సీసాతో పాటు కారును కూడా స్వాధీనం చేసుకునే అధికారం ఎక్సైజ్ వారికి ఉంది. అద్దె కారు అయితే పాపం ఆ డ్రైవరు బతుకు కూడా ఇందులో ఇరుక్కుంటుంది.

కాబట్టి ప్రయాణానికి ముందే అనంతపురంలోని ఎక్సైజ్ కార్యాలయానికి ఒకసారి స్వయంగా వెళ్ళండి. విదేశం నుంచి వచ్చేటప్పుడు డ్యూటీ ఫ్రీలో కొన్న వైన్‌ను కర్ణాటక మీదుగా ఇంటికి తేవడానికి ఇప్పుడు ఏ పర్మిట్ కావాలి, ఎంత రుసుము అని అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి. పర్మిట్ తీసుకున్నా బోర్డింగ్ పాసు, రసీదు మాత్రం పారేయకండి, ఆ సీసా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితాలు అవి రెండే. ఆ తిరుగుడు వద్దనిపిస్తే సీసాలన్నీ బెంగళూరులో అల్లుడి ఇంట్లోనే ఉంచేయండి. బావమరిది గారు అటువైపు వచ్చినప్పుడు అక్కడే కలుసుకుంటారు.

ఇదే కాలంలో అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళే తల్లిదండ్రులు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు కాబట్టి వారికోసం కొద్దిగా. అమెరికాలో 21 ఏళ్ళు నిండినవారికి 1 లీటరు సుంకం లేకుండా వదులుతారు. అక్కడ మొదట దిగిన ఊళ్ళోనే సామాను తీసుకుని కస్టమ్స్ దాటి, మళ్ళీ భద్రతా తనిఖీకి వెళ్ళాలి. చేతిలో ఉన్న డ్యూటీ ఫ్రీ సీసాను అప్పుడు పెట్టెలోకి మార్చేయండి. ఆస్ట్రేలియాలో 2.25 లీటర్లు, అంటే సరిగ్గా మూడు వైన్ సీసాలు. అది దాటితే ఎక్కువైన సీసా ఒక్కదానికే కాక, తెచ్చిన మద్యం మొత్తానికీ సుంకం వేస్తారు. బ్రిటన్ చాలా ఉదారంగా 18 లీటర్ల మామూలు వైన్‌ను అనుమతిస్తుంది. దుబాయ్‌లో ముస్లిమేతరులైన పెద్దలకు 4 లీటర్ల వరకు వీలుంది, పక్కనే ఉన్న షార్జాలో మద్యం నిషిద్ధం. దుబాయ్‌లో దిగి షార్జాలోని బంధువుల ఇంటికి కారులో వెళ్ళే మనవాళ్ళు ఎంతోమంది, వారు ఈ తేడా గుర్తుంచుకోవాలి. సౌదీ అరేబియాకు, ఖతార్‌కు ప్రయాణికులు మద్యం తీసుకెళ్ళకూడదు. గల్ఫ్ వైపు వెళ్ళేవారు ఎవరైనా విమానాశ్రయంలో ‘మావాడికి ఇవ్వండి’ అని ఇచ్చే మూటను, అది ఎంత దగ్గరివారిది అయినా, విప్పి చూడకుండా పెట్టెలో వేసుకోవద్దు. పెట్టె మీద ఎవరి పేరు ఉంటే లోపల ఉన్నదానికి వారే జవాబుదారీ.

ఆ మాట మీదే మీ శ్రీమతి గారి అభ్యంతరం దగ్గరికి వస్తాను. ఆమె మాట నెగ్గాలి. అది ఆమె పెట్టె, అందులో ఏముండాలో ఆమె ఇష్టం. ఆమె ఒప్పుకోకపోయినా మీ పని ఆగదు. జర్మనీకి తీసుకెళ్ళే రెండు సీసాలు మీ ఒక్కరి నాలుగు లీటర్ల పరిమితిలోనే సులువుగా పడతాయి, అవి మీ పెట్టెలో, మీ పేరు మీద ఉంటే చాలు. బెంగళూరులో దిగాక డ్యూటీ ఫ్రీలో కొనాలనుకుంటే మీ పాస్‌పోర్టు మీద రెండు సీసాలే కొనండి, ఆమె వంతు వాడకండి. ఆరు సీసాలు అనుకున్నది రెండే అయిందని అల్లుడు చిన్నబుచ్చుకోడు. ఇక టికెట్ల సంగతి, తమ్ముడి ఇంటికి వచ్చేది మీ తిరుగు ప్రయాణంలో అని ఆయనకు ఈ రోజే ఫోను చేసి చెప్పండి, కువైట్ సందర్శక వీసా తేదీలు ఆ ప్రకారం ఆయన చూసుకోవాలి.